నీరు ఎటునుంచో బాధ్యతా అటే

భవనాల్లో పెరిగే బూజు శిలీంధ్రాల కుటుంబానికి చెందినది. దాని బీజకణాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఆరుబయటా ఉంటాయి, కడిగి తుడిచిన గదిలోనూ ఉంటాయి. వాటికి తిండికి కొదవ లేదు. ప్లైవుడ్డు, అట్టపెట్టె, పుస్తకాల బైండు, రంగులోని జిగురు, చివరికి గోడకు అంటిన దుమ్ము కూడా సరిపోతుంది. మనుషులకు హాయిగా ఉండే వేడిమే వాటికీ హాయి. ఇంట్లో బూజుకు కావలసిన సరంజామా అంతా ముందే అమరి ఉంటుంది, ఒక్క నీరు తప్ప. ఆ నీరు ధారగా కారనక్కర్లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే చాలా రకాలు మొలకెత్తుతాయి. తడిసిన సామాను 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలనీ, ఇంటి గాలిలో తేమ 60 శాతం లోపే ఉండాలనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పేది ఇందుకే.

అందుకే బూజు మీద జరిగేది ఆరోగ్య చర్చ అయినా, కోర్టు వ్యాజ్యమైనా, బీమా పేచీ అయినా ముందు తేలవలసింది ఒకటే: ఆ నీరు ఎటునుంచి వచ్చింది, దాన్ని ఆపగలిగిన స్థితిలో ఎవరున్నారు? చట్టాలు చాలాకాలం ఈ ప్రశ్నను పక్కన పెట్టాయి. అది ఏ జాతి బూజు, గాలిలో ఎన్ని కణాలున్నాయి, ఈ మనిషి జబ్బుకు అదే కారణమని రుజువేమిటి అనే వాదాల్లో ఏళ్ళకేళ్ళు పోగొట్టుకున్నాయి.

ఇంట్లోకి నీరు మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది నేల నుంచి ఎక్కే నెమ్ము. పునాది మీద తేమను ఆపే పొర వేయకపోయినా, వేసింది చెడిపోయినా ఇటుక తన సన్నని రంధ్రాల గుండా నీటిని పైకి పీల్చుకుంటుంది. ఈ చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు ప్రాంతంలో ఆగిపోతుంది, ఆగినచోట తెల్లగా ఉప్పు తేలుతుంది. రెండోది బయటి నుంచీ పైనుంచీ దిగే నీరు. బీటలు వారిన స్లాబు, గోడా సజ్జా కలిసేచోటి సందు, గోడలో పూడ్చిన పైపు, పై అంతస్తు బాత్రూము, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మూడోది గాలిలోని ఆవిరి చల్లటి గోడ తగిలి నీరుగా మారడం. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టల నుంచి రోజుకు సుమారు 10 లీటర్ల నీరు గాలిలో కలుస్తుందని అంచనా. చలిదేశాల్లో కిటికీలు బిగించుకుని కూర్చుంటే ఇదంతా బయటి గోడల మూలల్లో చేరుతుంది. కోస్తా పట్టణాల్లో వ్యవహారం తిరగబడుతుంది. రాత్రంతా ఏసీతో బాగా చల్లబడిన గదిలోకి పొద్దున తలుపు తీయగానే బయటి ఉక్క గాలి చొరబడి, గోడకు ఆనించిన బీరువా వెనక నీరై అంటుకుంటుంది.

అపార్ట్‌మెంట్లలో గొడవలకు ఎక్కువగా కారణమయ్యేది రెండో దారి. అందులోనూ బాత్రూము. చాలా కట్టడాల్లో బాత్రూము స్లాబును మిగతా ఇంటి కన్నా దించి పోసి, పైపులు అమర్చి, పైన ఇటుక ముక్కలో సిండరో నింపి టైల్సు పరుస్తారు. టైల్సు సందుల్లో వేసిన సిమెంటు కొన్నేళ్ళకు రాలిపోతుంది. నహానీ ట్రాపు చుట్టూ సన్నని పగులు పడుతుంది. స్నానం నీళ్ళు అక్కడి నుంచి దిగి, ఆ నింపుడులో గిన్నెలో పోసినట్టు నిలుస్తాయి. అవి కింది ఇంటి పడకగది సీలింగుకు దారి చేసుకోవడానికి నెలలు పట్టవచ్చు. కింది వాళ్ళకు మరక కనిపించేసరికి పై వాళ్ళ బాత్రూము పైకి పొడిగా, తళతళలాడుతూ ఉంటుంది. "మా ఇంట్లో లీకేజీ ఏమీ లేదండీ" అని పై వాళ్ళు అంటే అది అబద్ధమేమీ కాదు, వాళ్ళ కంటికి కనిపించేది అంతే. ఈలోగా కింది ఇంట్లో లప్పం ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది, మరక చుట్టూ ముందు బూడిద రంగు చుక్కలు, తర్వాత నల్లటి మచ్చలు కమ్ముకుంటాయి. పెయింటరును పిలిచి పైన ఇంకో పొర కొట్టిస్తారు. నీరు ఆగలేదు కనుక రెండో వానాకాలానికి ఆ పొరా ఊడుతుంది.

నీరు గోడలోంచి వస్తోందా, గది గాలిలోంచా అని పోల్చుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. విప్పినప్పుడు గోడవైపు తడి ఉంటే నీరు గోడలో ఉన్నట్టు. గదివైపు తడి ఉంటే గాలిలో ఉన్నట్టు. ప్రయోగశాలకు పంపే గాలి నమూనాల కన్నా ఈ ఫాయిల్ ముక్క యజమానికీ అద్దెకున్నవారికీ మధ్య తగువును చాలాసార్లు బాగా తీరుస్తుంది. ఇంటి గాలిలో కణాలు ఎన్ని ఉండవచ్చో చెప్పే ప్రామాణిక సంఖ్య లేదు కనుక ఆ నమూనాల నివేదిక దేన్నీ రుజువు చేయదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా అలాంటి పరిమితి ఏదీ నిర్ణయించలేదు.

ఆరోగ్యం సంగతికి వస్తే, తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ విడదీసి చూడాలి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టింది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళకూ ముక్కు, గొంతు బాధలకూ, దగ్గుకూ, పిల్లికూతలకూ, అప్పటికే ఉబ్బసం ఉన్నవారిలో అది ముదరడానికీ మధ్య సంబంధానికి తగిన ఆధారం ఉందని తేల్చింది. శరీరతత్వం సరిపడనివారిలో ఊపిరితిత్తులు వాచే ఒక అలర్జీ జబ్బునూ ఈ జాబితాలో చేర్చింది. కొత్తగా ఉబ్బసం పుట్టించడం విషయంలో ఆధారం పరిమితంగానే ఉందని చెప్పింది. నీరసం, మతిమరుపు, నరాల జబ్బులు వంటివాటికి ఆధారం చాలదంది. 2007లో లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు అనేక అధ్యయనాలను కలిపి లెక్కగడితే, చెమ్మ ఇళ్ళలో రకరకాల శ్వాసకోశ బాధలు 30 నుంచి 50 శాతం ఎక్కువగా కనిపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంత వరకు పరవాలేదు అని చెప్పే సంఖ్యను సైన్సు ఇవ్వలేదనీ, చెమ్మనే రాకుండా చూడాలనీ స్పష్టం చేశాయి.

నల్లగా కనిపించే ప్రతి మచ్చా ప్రాణాంతకం అన్న భయం మాత్రం వేరే చోట పుట్టింది. 1993, 1994 సంవత్సరాల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కొందరు పసికందుల ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. వాళ్ళ ఇళ్ళలో నీటికి తడిసిన చోట్ల స్టాకీబోట్రిస్ అనే నల్లటి బూజు కనిపించింది. రెండింటికీ ముడిపెడుతూ అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 1997లో నివేదిక ప్రచురించింది. విశ్లేషణ పద్ధతిలో లోపాలున్నాయని తర్వాతి సమీక్షల్లో తేలడంతో, సంబంధం రుజువు కాలేదని 2000లో అదే కేంద్రం ప్రకటించింది. మొదటి నివేదిక టీవీల్లో మోగినంతగా రెండోది మోగలేదు. మన దగ్గర 2021లో కోవిడ్ రెండో దశలో మ్యూకర్‌మైకోసిస్‌కు బ్లాక్ ఫంగస్ అనే పేరు స్థిరపడి, తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించాక, గోడ మీద నలుపు చూసి బెదిరినవారు ఉన్నారు. అది వేరే జాతి శిలీంధ్రం. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం ఉన్నవారిని అది పట్టింది. గోడ రంగుకు ఆ జబ్బుతో నిమిత్తం లేదు.

అలాగని ఇంటి బూజును తేలిగ్గా తీసుకునే పరిస్థితి అందరిదీ కాదు. ఆస్పర్జిల్లస్ అనే సర్వసాధారణ బూజు ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లోకి రోజూ వెళ్ళి వస్తూనే ఉంటుంది, ఏమీ కాదు. కీమోథెరపీలో ఉన్నవారిలో, అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో అదే ప్రాణం తీస్తుంది. అందుకే పెద్దాసుపత్రుల్లో కూల్చివేత, మరమ్మతు పనులు జరిగేటప్పుడు దుమ్ము వార్డుల్లోకి రాకుండా తెరలు బిగిస్తారు. క్షయ నయమైనా ఊపిరితిత్తిలో గుహలా మిగిలిన ఖాళీలో ఆస్పర్జిల్లస్ స్థిరపడి, ఏళ్ళ తరువాత మళ్ళీ దగ్గు, రక్తం తెప్పించడం వైద్యులకు తెలిసిందే. క్షయ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో, పాత రోగి ఉన్న ఇంటి చెమ్మను రంగు సమస్యగా చూడటం పొరపాటు. ఉబ్బసం ఉన్న పిల్లల విషయమూ అంతే.

శుభ్రం చేయడంలోనూ కొంత ప్రమాదం ఉంది. ఎండిన బూజును పొడి చీపురుతో దులిపితే కణాలు గదంతా లేస్తాయి. చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది. కనుక మందు చల్లి వదిలేయడం కాదు, పూర్తిగా తీసేయాలి. 10 చదరపు అడుగుల లోపు మచ్చను మాస్కు, గ్లోవ్స్ వేసుకుని సబ్బునీళ్ళతో ఇంట్లోవాళ్ళే కడిగి ఆరబెట్టుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ అంటుంది. తడి మీద, బూజు మీద రంగు వేయవద్దని కూడా అంటుంది. బ్లీచింగును మామూలు పద్ధతిగా వాడమనదు. పరుపు, సోఫా, సీలింగు బోర్డు లాంటి పీల్చుకునే వస్తువులకు లోతుగా పడితే అవి పారేయవలసినవే.

ఇక చట్టం. నష్టపరిహారపు దారి ఎలా ఉంటుందో టెక్సాస్‌లో తేలింది. ఆస్టిన్ దగ్గర డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో 22 గదుల భవంతి ఒకటి నీటి లీకేజీ వల్ల బూజు పట్టి ఉండటానికి పనికిరాకుండా పోయింది. క్లెయిమును బీమా కంపెనీ సరిగా పరిష్కరించలేదని యజమానురాలు దావా వేస్తే, 2001 జూన్‌లో జ్యూరీ 3.2 కోట్ల డాలర్లు ఇమ్మంది. భర్త మెదడు బూజు వల్లే దెబ్బతిందన్న వైద్య సాక్ష్యాన్ని మాత్రం న్యాయమూర్తి జ్యూరీ దాకా రానివ్వలేదు, శాస్త్రీయ ప్రమాణానికి నిలవదన్నారు. తీర్పులోని డబ్బంతా ఇంటికీ, కంపెనీ ప్రవర్తనకూ సంబంధించినది. పత్రికల శీర్షికల్లో అది విషపు బూజు మీద గెలుపుగా మారిపోయింది. 2002 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని సుమారు 40 లక్షల డాలర్లకు కుదించింది. 2003లో టీవీ ప్రముఖుడు ఎడ్ మెక్‌మాన్ తన ఇంటి బూజు కేసును 70 లక్షల డాలర్లకు పైగా మొత్తానికి రాజీ చేసుకున్నారు.

ఈ కేసుల అసలు ఫలితం ఎవరూ కోరుకోనిది. టెక్సాస్‌లో బూజు క్లెయిములు ఒక్కసారిగా పోటెత్తాయి. బీమా కంపెనీలు 2002 నుంచి ఇంటి పాలసీల్లో బూజును మినహాయించడమో, చిన్న మొత్తానికి పరిమితం చేయడమో మొదలుపెట్టాయి. పెద్ద లాయర్లను పెట్టుకోగలిగిన ఇద్దరు ముగ్గురికి పరిహారం దక్కింది, మిగతా ఇళ్ళవాళ్ళకు రక్షణ తగ్గింది. హఠాత్తుగా పగిలిన పైపుకు బీమా వర్తిస్తుంది, నెలల తరబడి కారిన చుక్కకు వర్తించదు అన్నది ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్న సూత్రం. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ప్రామాణిక గృహబీమా 'భారత్ గృహ రక్ష'లోనూ వరద, నీటి ట్యాంకులు, పైపులు పగలడం కవరవుతాయి. మెల్లగా పట్టిన చెమ్మతో క్లెయిముకు వెళితే అరుగుదల, తరుగుదల అనే మినహాయింపు ఎదురొస్తుంది. బీమా దృష్టిలో బూజు నిర్వహణ లోపం.

టెక్సాస్ మరో పని చేసింది, దాన్ని మెచ్చుకోవాలి. వరసగా 25 చదరపు అడుగులు, అంతకు మించి బూజు ఉంటే లైసెన్సు ఉన్నవారే తొలగించాలనీ, ఒకే పనిలో పరీక్షించేవాడూ తొలగించేవాడూ ఒకరే కాకూడదనీ నియమం పెట్టింది. సమస్య ఎంత పెద్దదో చెప్పేవాడే దాన్ని బాగుచేసి డబ్బు తీసుకుంటే కొలత ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడల్లో వాటర్‌ప్రూఫింగ్ కంపెనీల ఉచిత తనిఖీలు నడిచేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. డల్లాస్ శివార్లలో అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్ళకు అక్కరకొచ్చే నిబంధన ఇంకొకటి అక్కడ ఉంది. ఆరోగ్యానికి హాని చేసే లోపం మీద నిబంధనల ప్రకారం నోటీసు ఇచ్చాక యజమానికి సహేతుకమైన గడువు ఏడు రోజులని చట్టం ప్రాథమికంగా భావిస్తుంది. అద్దె బకాయి ఉంటే మాత్రం ఈ హక్కు నిలవదు.

సంఖ్యతో పరిష్కారం వెతికిన రాష్ట్రం కాలిఫోర్నియా. 2001లో విషపు బూజు రక్షణ చట్టం చేసి, గాలిలో ఉండదగిన బూజు పరిమితిని నిర్ణయించగలరేమో చూడమని ఆరోగ్య శాఖను ఆదేశించింది. శాస్త్రీయంగా సాధ్యం కాదని ఆ శాఖ 2005లో తేల్చేసింది. చివరకు 2016 నుంచి, కంటికి కనిపించే బూజు ఉంటే ఆ ఇల్లు ప్రమాణాలకు తక్కువైనట్టే అని నివాస చట్టంలో చేర్చుకున్నారు. పదిహేనేళ్ళు తిరిగి వచ్చి చేరింది కంటిచూపు దగ్గరికి. న్యూయార్క్ నగరం 2018 చట్టంతో, మూడు, అంతకు మించి వాటాలున్న భవనాల యజమానులు ఏటా బూజు కోసం తనిఖీ చేసి, కారణాన్నే సరిచేయాలని విధించింది.

ఇంగ్లండ్ అనుభవం అన్నింటికన్నా వివరంగా చూడదగ్గది. అక్కడి పాత చట్టం ప్రకారం యజమాని బాధ్యత ఇంటి నిర్మాణం మరమ్మతు వరకే. 1985లో వేల్స్‌కు చెందిన ఒక కౌన్సిల్ ఇంటి కేసులో ఈ మాట ఎంత ఇరుకైనదో బయటపడింది. ఒంటి అద్దం, లోహపు చట్రం ఉన్న కిటికీల వల్ల ఇంట్లో ఆవిరి నీరై పేరుకుని, బట్టలూ సామానూ బూజుపట్టి కుళ్ళాయి. క్విక్ వర్సెస్ టాఫ్-ఈలీ పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో అప్పీలు కోర్టు, కిటికీలు చెడిపోలేదు కదా, చెడనిదానికి మరమ్మతు ఏమిటి అంది. తొలినుంచీ తప్పుగా కట్టిన ఇల్లు చట్టం కంటికి బాగున్న ఇల్లే అయింది. నివాసయోగ్యత అనే కొలమానాన్ని తిరిగి బలంగా తెచ్చిన చట్టం 2018లో గానీ రాలేదు.

అప్పటికీ యంత్రాంగం ఆలోచన మారలేదు. మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్‌లో ఒక హౌసింగ్ సంస్థ ఫ్లాటులో సుడాన్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. బూజు గురించి తండ్రి 2017లో మొదటిసారి చెబితే పైన రంగు వేసుకోమన్నారు. బాత్రూములో, వంటింట్లో గాలి బయటికి పోయే ఏర్పాటు సరిగా లేదు. 2020 జూన్‌లో ఆయన లాయరు ద్వారా దావాకు దిగితే, వ్యవహారం లాయర్ల మధ్య తేలేదాకా పని మొదలుపెట్టకూడదన్న సంస్థ విధానం వల్ల మరమ్మతు ఆగింది. హక్కు అడగడమే ఆలస్యానికి కారణమైంది. పిల్లల ఆరోగ్యం చూసే సందర్శకురాలు కూడా ఆందోళన తెలిపారు. రెండేళ్ళ బాబు అవాబ్ ఇషాక్ 2020 డిసెంబర్ 21న చనిపోయాడు. ఇంటి బూజును దీర్ఘకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ జోయెన్ కియర్స్‌లీ తేల్చారు.

విచారణలో బయటపడిన మరో విషయం ఆ కుటుంబం జీవనశైలి మీద, స్నానపు అలవాట్ల మీద సంస్థ కట్టుకున్న ఊహ. అది తప్పని సంస్థే ఒప్పుకుంది. నిజానికి అద్దెదారు అలవాట్లను నిందించడం మానమని హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021 అక్టోబర్‌లోనే, అంటే ఆ తీర్పుకు ఏడాది ముందే, నివేదిక ఇచ్చారు. వలస వచ్చిన ఇంటి వంటా స్నానమూ అక్కడ తేలికగా దొరికే సాకు. మన ఊళ్ళలో మాటలు వేరు, వరస అదే. బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు, కిటికీలు తీయరు, నీళ్ళు ఎక్కువ పోస్తారు అనే ఓనరు గారు, అద్దెకు దిగినవాళ్ళ బట్టలు ముసురు రోజుల్లో ఎక్కడ ఆరాలో చెప్పరు.

2023లో వచ్చిన సామాజిక గృహ నియంత్రణ చట్టంలోని భాగం ఆ బాబు పేరుతోనే అవాబ్ చట్టంగా వ్యవహారంలోకి వచ్చి, 2025 అక్టోబర్ 27 నుంచి అమలవుతోంది. ఇందులో కణాల లెక్క లేదు, బూజు జాతి లేదు. ఉన్నది గడియారం. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో చూసి ముప్పు తొలగించాలి. గణనీయమైన చెమ్మ, బూజు అయితే ఫిర్యాదు తెలిసిన పది పనిదినాల్లో తనిఖీ ముగించాలి. తేలింది ఏమిటో తర్వాతి మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. తనిఖీ ముగిసిన ఐదు పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. మళ్ళీ రాకుండా చేసే పెద్ద పనులు అప్పటికి మొదలుకాలేకపోతే 12 వారాల్లో మొదలుకావాలి. గడువులోగా సురక్షితం చేయలేకపోతే వేరే వసతి చూపాలి. ప్రైవేటు అద్దె ఇళ్ళకూ దీన్ని విస్తరించే అధికారాన్ని 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం ఇచ్చింది. నష్టం జరిగాక కారణాన్ని రుజువు చేసే బరువు అద్దెదారు మీద మోపే బదులు, ఫిర్యాదు అందిన తేదీ నుంచే యజమాని లెక్క చెప్పుకోవలసిన ఏర్పాటు ఇది. సైన్సు సంఖ్య ఇవ్వలేనిచోట చట్టం తేదీ ఇవ్వగలదు. ఇన్నేళ్ళ ప్రయోగాల్లో పనికొచ్చే ఆలోచన ఇదొక్కటే అనిపిస్తుంది.

మన చట్టంలో ఆ తేదీ ఒక్కచోట ఉంది. కొత్త ఫ్లాటు కొన్నవారికి. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, స్వాధీనం చేసిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం గానీ, పనితనం, నాణ్యత, సేవల లోపం గానీ బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఖర్చు లేకుండా సరిచేయాలి. లేకపోతే పరిహారం అడగవచ్చు. గోడ చెమ్మ, స్లాబు లీకేజీ, బాత్రూము నుంచి దిగే నీరు ఈ మాటల్లో ఇమిడిపోతాయి. నాలుగో ఏడు దాకా పెయింటరుతో సరిపెట్టుకుని, ఆరో ఏట మేల్కొనేవారే ఎక్కువ. బిల్డరుకు ఫోన్లో చెప్పి ఊరుకోకుండా తేదీ ఉన్న ఈమెయిలు, మరక ఫోటోలు ఉంచుకోవాలి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో గానీ, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గానీ కట్టినవి రెరా రిజిస్ట్రేషన్ పరిధిలోకి రావు. గల్లీల్లోని చిన్న అపార్ట్‌మెంట్లు చాలామటుకు ఇవే. వాటిలో కొన్నవారికి వినియోగదారుల కమిషన్ ఉంది. ఇంటి నిర్మాణం 2019 చట్టంలో సేవగానే లెక్క, ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు.

అద్దెకున్నవారి పరిస్థితి దీనికన్నా చాలా బలహీనం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో రెండు సంగతులు ఉన్నాయి. యజమానికి తెలిసి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని ముందే చెప్పాలి. తాను చేయవలసిన మరమ్మతును యజమాని నోటీసు తర్వాత సహేతుకమైన కాలంలో చేయకపోతే, అద్దెదారు చేయించి ఖర్చును వడ్డీతో అద్దెలో తగ్గించుకోవచ్చు. మొదటిది ఉపయోగపడేదే. ఇల్లు చూపించే ముందు చెమ్మ గోడకు కొత్త రంగు కొట్టించడం దాచడమే కదా. రెండోదానిలో చిక్కు ఉంది. యజమాని చేయవలసిన మరమ్మతులు ఏవో ఆ సెక్షన్ చెప్పదు, ఒప్పందానికి వదిలేస్తుంది. పైగా ఈ సెక్షన్ మొత్తం, ఒప్పందం వేరుగా లేనప్పుడే వర్తిస్తుంది. ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలి కనుక అందరూ రాసుకునే 11 నెలల ఒప్పందంలో ఇల్లు ఉన్నది ఉన్నట్టు అప్పగించాలన్న షరతు తప్ప మరమ్మతు ఊసు ఉండదు. ఖాళీ చేసేటప్పుడు చెమ్మకు పెచ్చులూడిన గోడకూ పెయింటింగ్ డబ్బు అడ్వాన్సులో కోసుకోవడానికి ఆ షరతే ఆధారమవుతుంది. కేంద్రం 2021లో పంపిన నమూనా అద్దె చట్టం నిర్మాణపరమైన మరమ్మతులు, గోడల సున్నం, పైపుల మార్పిడి యజమాని పద్దులో వేసింది. గడియారం మాత్రం అందులోనూ కచ్చితంగా లేదు.

వరద వస్తే ఈ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. 48 గంటల్లో ఆరబెట్టడం అనే మాటకు అక్కడ అర్థం లేదు. నానిన ఇటుక గోడ ఆరడానికి వారాలూ నెలలూ పడుతుంది. ఈలోగా లప్పం, రంగు వేసేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. వరద వల్ల ఇల్లు గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 108వ సెక్షన్ అద్దెదారుకు ఇస్తుంది. మూడు నెలలు పనికిరాని ఇంటి సంగతి అందులో లేదు. ఆ మూడు నెలల అద్దె ఎవరిదన్నది యజమాని మంచితనం మీద ఆధారపడుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాలూ అద్దె చట్టాలను సవరించేటప్పుడు అవాబ్ చట్టంలోని గడువులను తెచ్చుకోవచ్చు. దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఇంగ్లండ్‌లో యజమాని వేల ఇళ్ళున్న సంస్థ. ఇక్కడ యజమాని తరచు ఒక్క ఫ్లాటు అద్దె మీద బతికే రిటైరైన ఉద్యోగి, అంత ఖర్చు ఒక్కసారిగా పెట్టలేరు. నిజమే. తనిఖీకీ రాతపూర్వక జవాబుకూ మాత్రం పెద్దగా ఖర్చు లేదు. ఆ రెండింటికీ కచ్చితమైన గడువు పెట్టి, పెద్ద పనులకు వెసులుబాటు ఇచ్చి, ఆలోగా వాడలేని గది మేరకు అద్దె తగ్గించవచ్చు. అసలు కష్టం వేరే చోట ఉంది. నీరు పై ఫ్లాటు నుంచి దిగితే కింది ఇంటి యజమాని చేతిలో ఏమీ ఉండదు. పై ఇంటి తలుపు తెరిపించి, టైల్సు విప్పించే అధికారం ఆయనకు లేదు. పై ఇల్లు విదేశంలో ఉన్నవారిదై తాళం వేసి ఉంటే ఏడాది గడుస్తుంది. అపార్ట్‌మెంటు సంఘాల నిబంధనల్లో ఇలాంటి లీకేజీకి నోటీసు గడువు, గడువు దాటితే లోపలికి వెళ్ళి తనిఖీ చేసే అధికారం, మరమ్మతు చేయించి ఆ ఖర్చును నిర్వహణ రుసుముతో కలిపి పై ఇంటి నుంచి వసూలు చేసే వీలు రాసి ఉండాలి. ఇవి లేకుండా యజమానికి గడువు పెడితే, చేయలేని పనికి ఆయన్ను నిలదీసినట్టే అవుతుంది.